సాకెట్ పనిచేయలేదు

ఫిబ్రవరి 9, శుక్రవారం

ప్రయాణం మంగళవారం. మా ఆయన మాత్రం ఈ రోజే మనసులో విమానం ఎక్కేశారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకటే ధ్యాస, కరెంటు.

"ఏమోయ్. పెద్ద చార్జరు విమానంలో పనికిరాదు. సీటు దగ్గర సాకెట్ అంత లోడు మోయదు. పెట్టగానే కట్ అవుతుంది. చిన్న చార్జరు కొను."

ఈ నాలుగు ముక్కలు చెప్పేసరికి నా టీ చల్లారిపోయింది. ఆయన లాప్‌టాప్‌లో ఒక్కో అక్షరం మీద చూపు నిలపాలి. అది తెర మీద పడాలి. వాక్యం పూర్తయ్యాక లాప్‌టాప్ దాన్ని పైకి చదవాలి. లిఫ్టులో అంతస్తు చెప్పే గొంతులాంటి గొంతు. తెర ఆరకూడదు, కింద బిగించిన కెమెరా ఆయన కళ్ల మీంచి తప్పుకోకూడదు, అందుకని కరెంటు తాగేస్తుంది. ప్లగ్గు పీకితే గంటన్నర నిలిస్తే గొప్ప.

బతుకంతా ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు అమ్మిన మనిషి. జబ్బు చేతులు పట్టుకుపోయింది, కాళ్లు పట్టుకుపోయింది, కిందటేడు మాట పట్టుకుపోయింది. వాట్ల లెక్క మాత్రం వదిలేసి పోయింది.

ఇదంతా వదిన పోరు వల్ల. వాళ్ల ఊళ్లో మంచి గొంతు డాక్టరున్నాడట. మింగడం కష్టమవుతోంది కదా, ఒకసారి చూపిద్దాం, నేనూ తమ్ముణ్ణి చూసుకున్నట్టుంటుంది అని ఫోన్ మీద ఫోను.

ఏమోయ్ అనే పిలుపుకి మాత్రం అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదు. తెర మూలన బటన్ పెట్టించుకున్నారు. చూపు అటు వాలితే చాలు. ఇది రాస్తుంటేనే రెండుసార్లు వాలింది.

ఫిబ్రవరి 11, ఆదివారం

చిన్న చార్జరు కొన్నాను. చేతిసంచిలో తీసుకెళ్లనిచ్చే సైజు పవర్‌బ్యాంకు కూడా. ఇంట్లోనే పరీక్ష పెట్టించారు. తెర వెలుగు తగ్గించమన్నారు, అక్కర్లేనివన్నీ మూయించారు.

"చార్జి ఎక్కువ ఎక్కదు. దిగిపోదు కూడా. చాలు. నేను మాట్లాడుతూనే ఉంటాను."

ముఖం వెలిగిపోయింది అని రాయబోయాను. ముఖం కదలదు. కళ్లు.

అక్షరాల అట్ట కూడా సర్దమన్నారు. లాప్‌టాప్ లేని వేళ నేను అట్ట మీది వరసలు చదువుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వేస్తారు. సంచిలో పెట్టాను.

ఫిబ్రవరి 13, మంగళవారం

చేరాం. విమానం ఆలస్యమైంది, పవర్‌బ్యాంకు ఎయిర్‌పోర్టులోనే అయిపోయింది. లోపల సాకెట్ పనిచేయలేదు. ఆయన కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చున్నారు. నేను కాస్త కునుకు తీశాను.

వదిన మా కోసం కింది గది ఖాళీ చేసింది. మంచం పక్కనే ప్లగ్గు ఉంది.

ఫిబ్రవరి 14, బుధవారం

ఎడమ పాదం వాచింది.

నిన్న విమానంలోంచి దింపేటప్పుడే చెప్పు పట్టలేదు. బిగుసుకుందిలే అనుకున్నాను. పొద్దున సాక్సు తీస్తే చీలమండ పక్కన చర్మం లేచిపోయి ఉంది, దాని చుట్టూ నీలంగా, ముందు సీటు ఇనపకమ్మీ మందాన ఒక గీత. పాదం పక్కకి ఒరిగిపోయి కమ్మీకి నొక్కుకుపోయింది. ఆయనకి కదలిక లేదు గానీ నొప్పి తెలుస్తుంది. ఈ జబ్బు నొప్పి జోలికి పోదు.

రాత్రంతా చార్జింగులో ఉన్న లాప్‌టాప్‌ని తెచ్చి ఆయన ముందు పెట్టాను. తెర వైపే చూస్తూ నిలబడ్డాను. మొదటి మాట ఏమంటారా అని.

"టీ," అన్నారు.

ఇంతలో వదిన వచ్చింది. పాదం చూసి అక్కడే నేల మీద కూలబడింది.

"ఇదేంట్రా తమ్ముడూ? ఏమైంది అమ్మాయ్?"

"సాకెట్ పనిచేయలేదు వదినా. లాప్‌టాప్ ఆగిపోయింది. నొప్పని చెప్పుకోలేకపోయారు."

"అట్ట ఉందిగా?"

"పైన సంచిలో ఉండిపోయింది. బెల్టు తీసి లేవనివ్వలేదు వాళ్లు."

ఇంత తడుముకోకుండా చెప్పగలనని నాకే తెలియదు. ఆయన కళ్లు తెర మీదే ఉన్నాయి. ఏ అక్షరం దగ్గరా ఆగలేదు.

"మనుషులా వీళ్లు?" అంది వదిన. ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది.

ఫిబ్రవరి 15, గురువారం

గొంతు డాక్టరు. మెత్తటివి తినిపిస్తే ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు, తర్వాత పొట్టలోకి గొట్టం వేయాలి అన్నాడు.

"గొట్టం పెడితే వంట బాగాలేదని అనే హక్కు పోతుంది. ఆలోచిస్తాను," అన్నారు ఈయన. డాక్టరు చాలాసేపు నవ్వాడు. లేస్తూ పాదం చూశాడు.

"ఇదెలా తగిలింది?"

విమానంలో అని చెప్పాను.

"ఇంత కమిలిందంటే గంట పైనే నొక్కుకుని ఉంటుంది. పక్కన ఎవరూ లేరా?"

"నేను ఉన్నాను," అన్నాను. వదిన అందుకుని సాకెట్ సంగతి, అట్ట సంగతి, విమానంవాళ్ల నిర్లక్ష్యం సంగతి మొత్తం చెప్పింది. నేను తల ఊపుతూ నిలబడ్డాను.

ఇంటికొచ్చాక వదిన కళ్లజోడు పెట్టుకుని ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. ఎవరికి రాస్తే ఎవరు ఉలిక్కిపడతారో ఆవిడకి తెలుసు.

"ఎందుకులే వదినా, పెద్ద దెబ్బేం కాదుగా."

"నువ్వు ఊరుకో అమ్మాయ్. నీ మెతకదనమే వీళ్లకి అలుసు. వాడు నోరు లేనివాడు, వాడి తరఫున ఎవరు అడుగుతారు?"

సీటు నంబరు అడిగితే చెప్పాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

సాకెట్ కాసేపు పనిచేసింది. అది రాయాలి.

విమానం పైకి లేచాక లాప్‌టాప్ తెరవనిచ్చారు. కంగారులో పెద్ద చార్జరు పెట్టాను. సాకెట్ మీది పచ్చలైటు చటుక్కున ఆరిపోయింది. మిగిలున్న చార్జితో ఆయన అన్న మొదటి మాట, "చెప్పానా".

ఒక ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. కూతురి వయసు ఉంటుంది, మాకు కూతురుంటే. మోకాళ్ల మీద కూర్చుని సీట్ల మధ్య చెయ్యి దూర్చి చూసింది. "ఒక్క నిమిషం మేడమ్, రీసెట్ చేయిస్తాను," అని వెళ్లొచ్చి, ఈసారి చిన్నది పెట్టమంది. పచ్చలైటు వెలిగింది.

"ఇక మాట్లాడండి సార్," అంది. నాతో కాదు, ఆయనతో. అందరూ ఆయన గురించి నన్ను అడుగుతారు, ఆయనకి చెవులు కూడా లేనట్టు.

ఆ పిల్ల అటూ ఇటూ పోతున్నప్పుడల్లా వంగి పచ్చలైటు చూసి వెళ్లేది. "మీ ఇంటికి ఇన్వర్టరు కావాలంటే చెప్పమ్మా. ధర తగ్గిస్తాను," అన్నారు ఆయన. పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

తర్వాత ఏమైందో తెలియదు. నా మోకాలు తగిలి ప్లగ్గు వదులైందేమో. ఆ సీట్ల మధ్య చోటు అంతే ఉంటుంది.

ఫిబ్రవరి 17, శనివారం

రోజంతా నాతో మామూలుగానే మాట్లాడారు. దిండు ఎత్తు పెంచమన్నారు. వదిన పెంచిన మొక్కల పేర్లు అడిగారు. విమానం మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండును.

ఫిబ్రవరి 18, ఆదివారం

మోకాలు తగల్లేదు. నేనే పీకాను.

ఇందులో కూడా అబద్ధమే రాశాను. ఇది చదివేది నేనొక్కదాన్నే కదా, ఎవరికి భయపడి?

నడవ పక్క సీట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఒళ్లో పేపరు పెట్టుకుని. మధ్యలో నేను, కిటికీ దగ్గర ఆయన. పచ్చలైటు వెలగడంతో ఈయనకి హుషారొచ్చింది. ఇంజను చప్పుడుకి వినపడదని గొంతు పూర్తిగా పెంచమన్నారు. పెంచాను.

"నమస్కారం. నేను మాట్లాడగలను. భయపడకండి," అన్నారు పెద్దమనిషితో. అతను పేపరు దించి నా వైపు చూశాడు.

"ఈవిడ నా భార్య. ఇదివరకు బాగా నవ్వేది. ఇప్పుడు మానేసింది. మీ దగ్గర జోకులుంటే చెప్పండి."

ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగారు. ఆ గొంతులో నవ్వు పలకదు, కోపం పలకదు. మూడో అంతస్తు అన్నట్టుగా నా పెళ్లాం నవ్వడం మానేసింది అంటే వినేవాళ్లకి ఎలా ఉంటుంది? పెద్దమనిషి ఇబ్బందిగా నవ్వి మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

"ఏమోయ్. చొంగ కారుతోంది. తుడువు."

తుడిచాను.

"ఏమోయ్. యూరిన్ సంచి చూడు. నిండినట్టుంది."

మా ముందు వరసలో ఇద్దరు అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకున్నారు. నాకు చెవులు కాలిపోయాయి. వంగి చూశాను. నిండలేదు.

"ఏమోయ్."

"ఏంటండీ?"

చాలాసేపు పట్టింది, అక్షరాలు పడడానికి. "ఏం లేదు. ఉన్నావా అని."

ఎక్కడికి పోతాను? ఆకాశంలో ఉన్నాం. ఇద్దరి మధ్యా జానెడు లేదు.

అప్పుడు చేశాను. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ప్లగ్గుని కొంచెం లాగాను. పూర్తిగా కాదు. చూసేవాళ్లకి పెట్టినట్టే ఉండాలి. పచ్చలైటు ఆరిపోయింది. ఎయిర్‌హోస్టెస్ వస్తే కనపడకుండా దాని మీద నా చున్నీ కొస వేశాను. ఇంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో.

ఆయనకి వెంటనే తెలిసింది. ఆయనకి తెలియకపోవడమేంటి? "ఏమోయ్. చార్జి ఎక్కడం లేదు. చూడు."

మళ్లీ వంగాను. చూసినట్టు చూసి, "సాకెట్ పనిచేయడం లేదండీ," అన్నాను.

"ఆ అమ్మాయిని పిలువు."

"భోజనాలు పెడుతున్నారు. ఖాళీ అవనివ్వండి."

ఎయిర్‌పోర్టు ఆలస్యంలోనే బ్యాటరీ చాలావరకు అయిపోయింది కదా, ఎంతోసేపు పట్టలేదు. ఆయన తొందరగా కళ్లు కదిలించడం నాకు కనపడుతోంది. లాప్‌టాప్ ఒకే మాట చదివింది.

"అట్ట."

తెర నల్లబడింది.

అట్ట పైన సంచిలో ఉంది. నన్ను ఎవరూ లేవొద్దనలేదు. బెల్టు లైటు వెలగనే లేదు.

ఆ తర్వాత భోజనం వచ్చింది. ఆయనకి పొద్దున తినిపించి తెచ్చాను, అక్కర్లేదని చెప్పాను. నేను తిన్నాను. వేడిగా, రెండు చేతులతో, మధ్యలో లేవకుండా. కప్పు చివర అంటిన తీపి కూడా స్పూనుతో గీకి తిన్నాను. ముందున్న చిన్న తెర మీద ఏదో సినిమా వస్తుంటే శబ్దం లేకుండా చూశాను. ఎవరో పెళ్లికూతురు పరిగెత్తుతోంది. తర్వాత నిద్రపోయాను. దిగుతున్నామని చెప్పేదాకా లేవలేదు. అంత నిద్ర ఎప్పుడు పోయానో గుర్తు లేదు.

హాయిగా ఉంది. అది రాయకుండా తప్పించుకోవడానికే ఇన్ని రోజులు చూశాను. ఆ పూట నాకు చాలా హాయిగా ఉంది.

ఫిబ్రవరి 20, మంగళవారం

విమానం ఆఫీసు నుంచి ఫోను. వదిన స్పీకర్ పెట్టింది. ఎవరో ఆఫీసరు, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మేడమ్, మీ ఫిర్యాదు మీద విచారణ మొదలుపెట్టాం. ఆ రోజు మీవాళ్ల సీట్ల దగ్గర డ్యూటీలో ఉన్న అమ్మాయి వివరణ ఇచ్చింది. సాకెట్ తనే రీసెట్ చేయించానని, పచ్చలైటు వెలగడం చూశానని అంటోంది. భోజనాలప్పుడు సరిగా గమనించలేదేమో అని కూడా తనే రాసింది. విచారణ తేలేవరకు ఆ అమ్మాయిని డ్యూటీలోంచి తప్పించాం."

"మంచి పని చేశారు," అంది వదిన.

"ఒక్క విషయం. ప్రయాణం చేసిన సార్ మాట కూడా నమోదు చేసుకోవాలి. వారు చెప్పగలరా?"

వదిన ఫోన్ తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది. "చెప్పరా తమ్ముడూ. నిదానంగా చెప్పు, వాళ్లే ఆగుతారు."

నేను మంచం కొస పట్టుకుని నిలబడ్డాను. చెప్పేస్తారనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా అనిపించింది, నేను చెప్పుకోవాల్సిన పని తప్పుతుందని.

"పనిచేయలేదు," అంది లాప్‌టాప్.

ఆఫీసరు థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

ఈ మనిషి కొట్లో పరీక్షించకుండా ఒక్క ప్లగ్గుని బాగాలేదన్నవాడు కాదు. కొన్నవాడు పాడైందని తెచ్చినా విప్పి చూసేదాకా ఒప్పుకునేవాడు కాదు. బాగున్న సాకెట్‌ని, తన కళ్లతో పచ్చలైటు చూసిన సాకెట్‌ని, పనిచేయలేదన్నారు. నా కోసం.

వదిన వంటింట్లోకి వెళ్లాక ఆయన దగ్గర కూర్చున్నాను. ఏదైనా అంటారని. "ఎండ పడుతోంది. కర్టెన్ వెయ్యి," అన్నారు.

ఫిబ్రవరి 21, బుధవారం

ఇంకొకటి ఉంది. అదీ రాసేస్తే ఫోన్ చేయగలనేమో.

తెర నల్లబడ్డాక ఆయన నన్నే చూస్తున్నారు. నా మీద కోపమనుకున్నాను. పాదం సంగతి అప్పుడే చెబుతున్నారేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. చెప్పడానికి ఆ కళ్లు తప్ప ఏమున్నాయి? ఆ చూపు ముందు ముద్ద దిగడం లేదు నాకు. ఆయన తలని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. "మబ్బులు చూడండి, ఎంత బాగున్నాయో," అన్నాను. మళ్లీ ఇటు ఒరగకుండా మెడ దిండు ఒత్తి పెట్టాను. తనంతట తను మెడ తిప్పుకోలేరు. ఆ వాలు నుంచి నేను కనపడను, ఆయన కళ్లు నాకు కనపడవు.

కాళ్ల దగ్గర లాప్‌టాప్ సంచి నాకు అడ్డమైతే, దాన్ని కాలితో ఆయన వైపు నెట్టాను. పాదం ఒరిగింది అందుకే అయ్యుంటుంది. చూడలేదు.

ఆయన మబ్బులు చూస్తూ కూర్చున్నారని రాశాను, చేరిన రోజు.

అదే రోజు, సాయంత్రం

ఆఫీసరుకి ఫోన్ చేశాను, వదిన ఇంటి మేడ మీదికి వెళ్లి. సాకెట్ బాగానే ఉంది, నేను తీసేశాను, ఆ అమ్మాయి తప్పు లేదు అన్నాను.

"తీసేశారంటే, పొరపాటున ఊడిందాండీ?"

ఎంత మంచి దారి చూపించాడో. ఆ దారిన వెళ్లిపోవచ్చు.

"కాదండీ. కావాలనే తీశాను."

"ఎందుకు మేడమ్?"

"ఆయన మాట్లాడకుండా ఉండాలని."

అవతల ఎవరివో వేరే ఫోన్లు మోగుతున్నాయి. "రాతపూర్వకంగా పంపించండి," అన్నాడు. అంతవరకు మేడమ్ అన్నవాడు ఈ మాటకి ఏ పిలుపూ తగిలించలేదు. ఆ అమ్మాయిని మళ్లీ డ్యూటీలోకి తీసుకుంటారా అని అడిగితే, అది పైవాళ్లు చూస్తారన్నాడు. కిందికి దిగకముందే రాసి పంపాను.

వదిన బట్టలు మడతపెడుతోంది. నిలబడే చెప్పాను. మొత్తం, తల తిప్పడంతో సహా. వింటూ మడతపెడుతూనే ఉంది. ఆయన చొక్కా ఒకటి చేతిలోకి వచ్చినప్పుడు మాత్రం ఆగింది.

"వాడికి నొప్పని మీకు తెలియదు కదా?" అంది చివరికి.

"తెలియదు. చూస్తే తెలిసేది. చూడలేదు."

"సరే. మీరు వెళ్లండి. వాడికి మందు వేసే టైమైంది."

గుమ్మం దాటాక గానీ నాకు తట్టలేదు. వదిన నన్ను మీరు అంది.

ఫిబ్రవరి 22, గురువారం

మీరు భోజనం చేశారా. మీ తువ్వాలు అక్కడ ఉంది. మీరు పక్కకి జరిగితే నేను దుప్పటి మారుస్తాను.

కాపురానికొచ్చిన రోజు నుంచి అమ్మాయ్, ఒసేయ్ అని పిలిచిన మనిషి. చెంప మీద కొడితే ఇంత మండేది కాదు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

మధ్యాహ్నం వదిన కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన వేసుకుంది. "మీరు పై గదిలో పడుకోండి. టీ వేళకి లేపుతాను. ఇక్కడున్నన్నాళ్లూ మధ్యాహ్నాలు నేను చూసుకుంటాను."

"పర్లేదు వదినా."

"మీ కోసం కాదు. నిద్ర లేని మనిషి చేతిలో మా తమ్ముణ్ణి పెట్టలేను."

వెళ్లి పడుకున్నాను. సిగ్గు లేకుండా నిద్ర పట్టింది.

ఫిబ్రవరి 25, ఆదివారం

తిరుగు ప్రయాణం. ఇది ఎయిర్‌పోర్టులో మొదలుపెట్టి, విమానంలో కూర్చుని పూర్తి చేస్తున్నాను.

వదిన గుమ్మం దాకా వచ్చింది. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. నాతో, "చేరగానే ఫోన్ చేయండి," అంది.

విమానం మళ్లీ ఆలస్యం. చార్జింగు స్తంభం పక్కన చోటు దొరికింది. ఆయన చక్రాల కుర్చీ దానికి ఆనించి, పెద్ద చార్జరే పెట్టాను. ఇక్కడ మోస్తుంది. నేను నేల మీద కూర్చున్నాను. చుట్టూ ఫోన్లు చార్జింగుకి పెట్టుకున్నవాళ్లు, సూట్‌కేసుల మీద తలపెట్టి పడుకున్నవాళ్లు.

ఇక ఆగడం నా వల్ల కాలేదు. "మీరు చూశారు కదా, నేను పీకడం?" అని అడిగాను.

"చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదు? ఆఫీసరు అడిగినప్పుడు నా కోసం అబద్ధం ఎందుకు చెప్పారు?"

రాయడం మొదలుపెట్టారు. తెర వైపు చూడకుండా నేల చూస్తూ కూర్చున్నాను.

"నీ కోసం కాదు. అక్క నిలబడి ఉంది. నా పెళ్లాం నా నోరు మూసిందని అక్క ముందు ఎలా చెప్పను. నాకు సిగ్గేసింది."

ఈ వారమంతా సిగ్గు నాకొక్కదానికే ఉందనుకున్నాను. ఆయన నన్ను కాపాడారని, నేను అంతటి మనిషికి ఇంత చేశానని, అదొక ఏడుపు. ఆయన కాపాడింది నన్ను కాదు. ఉన్న కాస్త పరువుని.

"ఆ పిల్ల ఉద్యోగం సంగతి నాకు తట్టలేదు. అదీ సిగ్గే. నువ్వు ఫోన్ చేశావని అక్క చెప్పింది. మంచి పని."

"కోపం లేదా?" అన్నాను.

"చాలా ఉంది. రోజూ మనసులో తిడుతున్నాను. అన్నీ గుర్తు పెట్టుకున్నాను. ఇక్కడ జనం ఉన్నారు."

"ఉండనివ్వండి. తిట్టండి."

నన్ను చూశారు. తర్వాత, "గొంతు పెంచు," అన్నారు. చివరిదాకా పెంచాను.

అక్షరాలు పడుతున్నాయి. ఎంతోసేపు. పక్కన ఫోన్ పెట్టుకున్న ఒకాయన మా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు దొంగవి. చెప్పు సరిచేసుకున్నావు. నీ చెప్పుకి పట్టీయే లేదు."

ఎవరో నవ్వారు. ఎవరో ఉష్ అన్నారు.

"నువ్వు గురక పెట్టావు. మొదట నాకు బాగానే అనిపించింది. పడుకోనీ అనుకున్నాను. తర్వాత పాదం మొదలైంది. ముందు నిన్ను పిలిచాను. తర్వాత మా అమ్మని పిలిచాను. తర్వాత ఆ పిల్లని. నువ్వు గురక పెడుతూనే ఉన్నావు. అప్పుడు నిన్ను చంపాలనిపించింది. దిండు పెట్టి. నా చేతులు బాగుంటే చంపేవాడిని. ఈ మాట నీతో కాక ఎవరితో చెప్పను."

చుట్టూ ఉన్నవాళ్లందరూ ఇప్పుడు వింటున్నారు. ఒకావిడ పిల్లవాడి చెయ్యి పట్టుకుని దూరంగా జరిగింది. నేను తలెత్తే కూర్చున్నాను. ముఖం కాలిపోతోంది. ముక్కు కారుతోంది. తుడుచుకోలేదు.

"నువ్వు నా తల తిప్పావు. అది మాత్రం," అన్నారు. అక్కడ ఆగిపోయారు.

ఎంతసేపు చూసినా తర్వాతి మాట పడలేదు. కెమెరా కళ్లని పట్టుకోవడం లేదేమో అనుకుని లేచి చూశాను. కళ్ల నిండా నీళ్లు. నీళ్లుంటే అది అక్షరాన్ని గుర్తుపట్టదు. చున్నీ కొసతో ఒత్తాను, ముందు కుడి కన్ను, తర్వాత ఎడమది. ముఖం తిరిగిపోకుండా, మెల్లిగా.

విమానం ఎక్కేటప్పుడు తలుపు దగ్గర నిలబడిన ఎయిర్‌హోస్టెస్‌ని ఆ అమ్మాయి గురించి అడిగాను. ఆనవాళ్లు చెప్పాను. "చాలామంది ఉంటాం మేడమ్, నాకు తెలియదు," అంది.

సీటు సాకెట్లో చిన్న చార్జరు పెట్టాను. పచ్చలైటు వెలిగింది. అట్ట నా ఒళ్లోనే ఉంది. నేను ఇది రాస్తుంటే ఆయన కళ్లు తెర మీద తిరుగుతున్నాయి, ఆపిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

"ఇంకా చాలా ఉంది. ఇక్కడ కూడా చెప్పనా," అంది లాప్‌టాప్, అందరికీ వినపడేలా.

"కానివ్వండి," అన్నాను.